గాలి రాని రాత్రి

మొన్న శ్రావణమాసంలో మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. వచ్చిందంటే దానంతటది నడిచి రాలేదు లెండి! ట్రాలీ ఆటోలో నిలబెట్టి, నాలుగు వైపులా తాడు బిగించి ఒక కుర్రాడు తీసుకొచ్చాడు. మా వీధి మీరు చూడలేదు. పైపుల కోసం తవ్వి, పూడ్చటం మర్చిపోయిన వీధి అది. ఆ గుంటల్లో ఆటో ఎగిరెగిరి పడుతుంటే నేను గేటు దగ్గర నిలబడి ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకున్నాను. ఫ్రిజ్ మాత్రం పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురిలా కదలకుండా దిగింది.

సాయంత్రం దాకా ఇరుగుపొరుగు వచ్చి చూశారు. రంగు బాగుందన్నారు. ధర అడిగారు. మాకన్నా తక్కువకి ఎవరు కొన్నారో చెప్పి వెళ్ళారు. తాడు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతారు? ఫ్రిజ్ పడిపోయి వుంటే మాత్రం ఆ తాడు గురించి, కట్టిన కుర్రాడి గురించి, వాణ్ణి కన్నవాళ్ళ గురించి కూడా వీధంతా వారం రోజులు మాట్లాడుకునేది.

ఆ కుర్రాడు తాడు విప్పి, మోచేతికి చుట్టలు చుట్టుకుంటుంటే నాకు బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయి అంటే మాకు చుట్టం కాదు. కాకినాడ జగన్నాథపురంలో మా మామ్మ ఇంటి పెరట్లో రెండు గదుల పెంకుటిల్లు వుండేది. అందులో అద్దెకుండేవాడు. పిల్లలమంతా ఆయన్ని బాబాయి అనీ, ఆయన భార్యని పిన్ని అనీ పిలిచేవాళ్ళం. ఆయన మాత్రం నన్ను "పాపగారూ" అనేవాడు. రేవులో పని. ఏం పని అని ఎవరైనా అడిగితే "కట్టుపనండి" అనేవాడు. గోడలు కట్టటం కాబోలని నేను చాలాకాలం అనుకున్నాను.

కాకినాడ చూడనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అక్కడ ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువ. గోదావరి తెచ్చిపోసే ఒండ్రు అంతా ఆ చుట్టుపక్కలే చేరుతుంది. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక దూరాన నీళ్ళలోనే లంగరు వేసుకుని నిలబడతాయి. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక ఓడలు గట్టుకి ఆనే ఏర్పాటు జరిగింది గానీ పాత రేవు పద్ధతి మాత్రం పోలేదు. ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన కాలవ ఒడ్డున బార్జీలు వరసగా వుంటాయి. బార్జీ అంటే అడుగు చదునుగా వుండే పెద్ద ఇనప పడవ. అందులో బియ్యం బస్తాలు నింపుతారు. సముద్రం పోటు మీద వున్నప్పుడు అది కాలవ దాటి వెళ్ళి ఓడ పక్కన ఆగుతుంది. ఓడ మీది క్రేను బస్తాలని పైకి ఎత్తుకుంటుంది. ఇవాళ ఆఫ్రికాలో ఏ ఇల్లాలో అన్నం వారుస్తుంటే, ఆ బియ్యం మా జగన్నాథపురం మీదుగా వెళ్ళినవి అయివుండొచ్చు.

ఎదురుగా హోప్ ఐలండ్ అడ్డం వుండటం వల్ల అక్కడ అలలు మరీ రాకాసి అలలు కావు. అయినా సముద్రం సముద్రమే. బార్జీ ఒక పక్కకి ఒరిగినప్పుడు పైవరస బస్తాలు జారాయనుకోండి, ఆ బరువంతా ఒరిగిన పక్కకే చేరుతుంది. ఒరిగింది ఇంకా ఒరుగుతుంది. ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. అందుకని బస్తాలు పేర్చాక పైన బరకం కప్పి మోకులతో బిగించి కడతారు. యంత్రాలో ఇనుమో వెళ్ళేటప్పుడు తాడు చాలదు. ఇనప తీగలు, గొలుసులు, మర తిప్పి బిగించే కొక్కేలు కావాలి. బాబాయి రెండు పనులూ చేసేవాడు. ఎడమచేతి వేళ్ళు రెండు సగం దాకానే వుండేవి. బిగిస్తుండగా వైరు తెగి కొట్టిందట. మాకు చూపించి "ఓడ తినేసింది" అని నవ్వించేవాడు.

ఆయనకి తాళ్ళ మీద వున్న జ్ఞానం నాకు ఇప్పటికీ ఇంట్లో పనికొస్తోంది. జనపతాడు తడిస్తే బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. "తడితాడుతో కట్టకండి పాపగారూ, ఆరాక వగ్గేత్తాది" అనేవాడు దండెం కడుతున్న నాతో. పొడిగా వుండగా ప్రాణం పెట్టి బిగిస్తే, వానకి తడిశాక ముడి రాయి అయిపోతుంది. ఇక కత్తే గతి. నైలాను తాడు బరువు పడ్డకొద్దీ సాగుతుంది. ముళ్ళు ఎన్నోరకాలు వేసి చూపించేవాడు. "కట్టటం ఎవడైనా కడతాడండి. ఇప్పుకోడానికి వీలుగా కట్టటమే పని" అనేవాడు. ఇది పెళ్ళిళ్ళకి కూడా వర్తిస్తుందని నాకు ముప్ఫయ్యేళ్ళు దాటాక గానీ తెలియలేదు. సరే, అది వేరే వ్యాసం!

అసలు సంగతికి వస్తాను. 1993 అక్టోబరు. నాకు పన్నెండేళ్ళు. ఆ రోజు మధ్యాహ్నం ఒక జల్లు కొట్టి వెలిసింది. మూడు బార్జీలు సాయంత్రం పోటుకి బయల్దేరాలి. జట్టు వాళ్ళు గబగబా బరకాలు కప్పి కట్టేశారు. జల్లులో తడిసిన మోకులతోనే కట్టారు. తర్వాత ఎండ కాసింది. బయల్దేరేముందు బాబాయి మూడో బార్జీ మీద నడుస్తూ మోకుని కాలితో నొక్కి చూశాడు. వదులైంది. విప్పి, పొడి మోకులు తెచ్చి మళ్ళీ కట్టాలన్నాడు. మేస్త్రీ చాల్లెమ్మన్నాడు. ఈయన వినలేదు. అప్పటికే విప్పటం మొదలెట్టాడు. సగం విప్పినదాన్ని అలా పంపలేరు కదా! మళ్ళీ కట్టేసరికి గంట పట్టింది. ఈలోపు పోటు తీసేసింది. కాలవలో నీళ్ళు తగ్గి బార్జీ కదల్లేదు. ఆ రాత్రికి ప్రయాణం ఆగిపోయింది.

చిత్రమేమిటంటే అందరికన్నా ఎక్కువ తిట్టింది ఆ బార్జీ మీద వెళ్ళాల్సిన సరంగూ, కళాసీలూ. ఎవరి ప్రాణం కోసం కట్టాడో వాళ్ళే! వాళ్ళకి ఒక ట్రిప్పు కూలి పోయింది మరి. బాబాయి బార్జీలో వెళ్ళేవాడు కాదు. ఆయన పని ఒడ్డు వరకే. కట్టేవాడు, దిగేవాడు, ఇంటికొచ్చి అన్నం తినేవాడు.

ఆ రాత్రి ఆకు కూడా కదల్లేదు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా వుందట. తడిమోకులతో కట్టి పంపిన రెండు బార్జీలూ ఓడ దగ్గరికి వెళ్ళి, సరుకు దించి, తెల్లారేసరికి క్షేమంగా తిరిగొచ్చాయి. మేస్త్రీ బాబాయిని పదిహేను రోజులు పనిలోకి రావద్దన్నాడు.

ఆ పదిహేను రోజులు ఆ పెంకుటింట్లో ఎలా గడిచాయో నాకు అప్పుడు తెలియదు. పిన్ని కాళ్ళకి పట్టీలు లేకపోవటం మాత్రం గమనించాను. తెల్లవారుజామునే వెళ్ళి కాలవగట్టున బస్తాల్లోంచి రాలిన బియ్యం ఊడ్చుకొచ్చేది. పెరట్లో కూర్చుని చెరిగేది, మట్టిబెడ్డలు ఏరేది. మంచి గింజలు అమ్మేది, నూకలు వండేది. వాళ్ళమ్మాయి నాకన్నా మూడేళ్ళు పెద్ద. పదో తరగతి. పరీక్ష ఫీజు కట్టే గడువు ఆ రోజుల్లోనే వచ్చి, వెళ్ళిపోయింది. మా మామ్మని అడిగి వుంటే ఇచ్చేది. కానీ అప్పటికే రెండు నెలల అద్దె బాకీ. అడగటానికి పిన్నికి నోరు రాలేదు. మాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆ అమ్మాయి ఆ ఏడు పరీక్ష రాయలేదు. మరుసటేడు పెళ్ళి చేసేశారు.

ఒక సాయంత్రం పిన్ని పెరట్లో గొంతెత్తింది. మా వంటింట్లోకి అంతా వినిపించింది.

"అందరూ కట్టినట్టు కట్టుంటే ఏం పోయేది? ఆళ్ళయి ఎల్లి రాలేదా? నీ కట్టుకి దండేసి ఊరేగించారా? ఆ రేత్రి గాలన్నా రాలేదు!"

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"రావాలంటావేటి?"

పిన్ని గిన్నె విసిరేసిన చప్పుడు వినిపించింది. అంతే.

మా మామ్మ రోజూ గీత పారాయణ చేసేది. మర్నాడు పిన్నిని కూర్చోబెట్టి, ఫలితం మీద ఆశ లేకుండా పనిచెయ్యమన్నాడే కృష్ణుడు, నీ మొగుడు అదే చేశాడే, అని ఓదార్చబోయింది. పిన్ని చేట కింద పెట్టింది. "ఫలితం ఆశించొద్దు సరేనండి మామ్మగారూ, కూలి కూడా ఆశించొద్దా?" అంది. మామ్మ దగ్గర దానికి శ్లోకం లేదు.

అప్పట్లో నేను బాబాయి పక్షం. పన్నెండేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం తోస్తుంది! స్కూల్లో పెద్దమనుషుల కథలు చెప్పేవారు. అన్ని కథల్లోనూ చివర్న గాలి వచ్చేది. మంచివాడు కట్టిన కట్టు నిలిచేది, తక్కినవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు. మా పెరటి కథలోనే గాలి రాలేదు. ఆయన చేసింది సరైనదని నిరూపించటానికి ప్రకృతి ఒక్క అల కూడా ఖర్చుపెట్టలేదు. ఆ సంగతి నన్ను అప్పుడూ ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పెడుతోంది. పెద్ద గాలి వచ్చి తక్కిన రెండు బార్జీలూ మునిగి వుంటే బాబాయి మహానుభావుడు. రాలేదు కనక చాదస్తుడు. మనిషి అదే మనిషి, ముడి అదే ముడి. అతని మంచితనం అతని చేతుల్లో వుందా, వాతావరణ శాఖ చేతుల్లో వుందా?

తర్వాత మూడేళ్ళకి గాలి రానే వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి. కోనసీమ వైపు వాళ్ళని అడిగితే ఇప్పటికీ ఆ తేదీ చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలు తలలు తెగిపడ్డాయి. సముద్రం మీద వున్న జాలర్లు ఎందరో ఇళ్ళకి తిరిగి రాలేదు. మా పెరటింటి పెంకులు సగం లేచిపోతే వాళ్ళు ముగ్గురూ మా వసారాలో పడుకున్నారు. అల్లుడు ఆ రోజుల్లో దూరప్రాంతంలో వుండి అమ్మాయి పుట్టింట్లోనే వుంది. గాలి తగ్గాక బాబాయి రేవుకి వెళ్ళొచ్చాడు. మా మామ్మ ఆశగా అడిగింది, "నువ్వు కట్టినవి నిలిచాయా?" అని. ఆమెకి ఆ కథకి ముగింపు కావాలి.

"కొన్ని నిలిచాయండి, కొన్ని పోయాయండి. నేను కట్టినవీ పోయాయి. ఆళ్ళు కట్టినవీ నిలిచాయి. అంత గాలికి మొకమాటం వుండదండి" అన్నాడు.

చూశారా, చిన్నగాలికి అవసరం లేకపోయింది, పెద్దగాలికి ఆగలేదు. ఇక ఈ రెంటికీ మధ్య, ఆ కట్టు పనికొచ్చిన రాత్రులు ఎన్ని వుండివుంటాయో ఎవరు లెక్కపెట్టారు? ఆ రాత్రుల్లో ఏమీ జరగలేదు కనక వాటికి తేదీలు లేవు.

కొన్నేళ్ళ క్రితం నవల కోసం ఏవో వివరాలు కావలసి విశాఖపట్నం వెళ్ళాను. మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడ ఓడల ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాడు. అనుమతి తీసుకుని, తలకి హెల్మెట్ పెట్టించి, 2003లో మొదలైన కంటైనర్ టెర్మినల్ చూపించాడు. ఇప్పుడు సరుకంతా ఇనప పెట్టెల్లో వెళుతుంది కదా. ఈ పెట్టెల పద్ధతి 1956లో అమెరికాలో ఒక ఓడ మీద 58 పెట్టెలతో మొదలైంది. బస్తా మోసే వీపుల పనిని ఆ పెట్టె మింగేసింది. కట్టే చేతుల పనిని మాత్రం పూర్తిగా మింగలేకపోయింది. క్రేను ఆకాశంలోంచి పెట్టె మీద పెట్టె పెడుతుంటే, కింద కుర్రాళ్ళు రెండు నిలువుల పొడవున్న ఇనపకడ్డీలు భుజాల మీద లేపి, పెట్టె మూలనున్న కంతలో గురిచూసి దూర్చి, అడుగున మర తిప్పి బిగిస్తున్నారు. ఒకటి ఇటు, ఒకటి అటు, గుణకారం గుర్తులా. ఎండలో ఆ ఇనుము చేత్తో ముట్టుకోలేం. కాలు పెట్టే చోటు మా వంటింటి గట్టంత వెడల్పు లేదు.

ఒక కుర్రాడు కిందికి దిగి నీళ్ళు తాగుతుంటే అడిగాను, ఈ ఓడ ఎక్కడికి వెళ్తుందని.

"తెలీదండి. కొలంబో అనుకుంటా" అన్నాడు. సీసా మూత పెట్టేసి ఇంకో కడ్డీ ఎత్తుకున్నాడు.

అన్నయ్యతో ఆ రోజు పెద్ద వాదన పెట్టుకున్నాను. ఓడలో వెళ్ళేవాళ్ళ చేతే కట్టించాలి, తన ప్రాణం మీద తీపితో బాగా కడతారు, ఎక్కడికి వెళ్తుందో తెలియని కుర్రాడికి ఏం పట్టింది, అన్నాను. అన్నయ్య నవ్వాడు. నావికులు రాత్రింబగళ్ళు పనిచేసి అలిసిపోయి రేవు చేరతారట. వాళ్ళ చేత ఈ పని కూడా చేయిస్తే జారిపడి చచ్చేది వాళ్ళే. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఎన్నో ఏళ్ళు పోరాడి, 2020 జనవరి నుంచి నావికుల ఒప్పందాల్లో ఒక షరతు పెట్టించింది. రేవులో కార్మికులు వున్నచోట పెట్టెలు కట్టే పని నావికుల చేత చేయించకూడదని. అంటే లోకం ఆలోచించి, చించి, ప్రయాణం చేయనివాడే కట్టాలని తేల్చిందన్నమాట.

ఇంటికి వచ్చాక నా వాదన నాకే చిన్నతనంగా అనిపించింది. తన ప్రాణం కోసమైతేనే మనిషి గట్టిగా కడతాడని నేను ఎలా అనుకున్నాను? బాబాయిని చూసి పెరిగిన దాన్ని!

కట్టటానికి లెక్కలు కూడా వున్నాయట. అన్నయ్య ఒకటి చెప్పాడు, నాకు భలే నచ్చింది. పది టన్నుల యంత్రాన్ని ఓడ మీద కట్టాలంటే కుడివైపు కట్లన్నీ కలిపి పది టన్నులు ఓర్చుకోగలగాలి, ఎడమవైపు కట్లన్నీ కలిపి ఇంకో పది టన్నులు ఓర్చుకోగలగాలి. ఏ వైపు ఒరిగినా మొత్తం బరువు ఆ ఒక్క వైపే మోస్తున్నట్టు లెక్క. సగం నువ్వు, సగం నేను అనే బేరం లేదు. సంసారం చేసినవాళ్ళకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

లెక్కలు సరిగ్గా వున్నా ఒక్కోసారి సముద్రం ఒప్పుకోదు. 2019 జనవరి మొదట్లో ఉత్తర సముద్రంలో ఎమ్మెస్సీ జో అనే పెద్ద ఓడ మీంచి ఒక్క రాత్రిలో 342 పెట్టెలు నీళ్ళలో పడ్డాయి. హాలెండు తీరంలో ఇసక మీదికి పిల్లల బొమ్మలు, కుర్చీలు కొట్టుకొచ్చాయి. లోతు తక్కువైన చోట ఎత్తయిన అలలకి ఓడ ఊగిన ఊపు, కట్లు ఓర్చుకునే హద్దు దాటిపోయిందని విచారణలో తేలింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ పెట్టెలు కట్టినవాళ్ళు గుర్తొచ్చారు. ఏ రేవులోనో ఎవరో టీవీలో ఆ బొమ్మలు చూసి, నేను బిగించినదేనా అని తన చేతుల వంక చూసుకుని వుండరూ? తప్పు తనది కాదని విచారణ నివేదిక చెప్పేదాకా ఆ మనిషి ఎలా పడుకుని వుంటాడు? మంచిపనికి సాక్ష్యం దొరకదు. చెడ్డదానికి మాత్రం ఊరంతా సాక్ష్యమే.

ఇక్కడ మన ఇంటిపనితో పోలిక తేవచ్చు. తెస్తే మీకు నచ్చుతుందని నాకు తెలుసు. చేస్తే కనపడదు, మానేస్తేనే కనపడుతుంది అనే మాట మనం చాలాసార్లు అనుకున్నదే. కానీ పూర్తిగా నిజం కాదు. మనం కట్టిన క్యారేజీ సాయంత్రం ఖాళీగా తిరిగొస్తుంది. మూత ఊడి పులుసు ఒలికితే పిల్లవాడి పుస్తకాలు చెబుతాయి. మనం కట్టినదాని సంగతి ఎంతోకొంత మనకి తెలుస్తుంది. ఓడ అలా కాదు. అది వెళ్ళిపోతుంది. ఆఫ్రికా నుంచి జగన్నాథపురానికి, బస్తాలు కదలకుండా వచ్చాయి బాబాయిగారూ అని ఉత్తరం రాదు.

నా వృత్తితో పోలిస్తే ఇంకొంచెం దగ్గరగా వుంటుంది. చెప్పటానికి సిగ్గుగా వుంది గానీ చెబుతాను. ఒకసారి సీరియల్ రాస్తూ, ఇంట్లో జ్వరాలూ చుట్టాలూ, గడువు దగ్గరపడి, ఒక వారం భాగం తడితాడుతో కట్టినట్టు కట్టి పంపేశాను. అందులో ఒక పాత్ర ఏడవాలి. ఎందుకు ఏడుస్తోందో నాకే సరిగ్గా తెలియదు. ఏడిపించేశాను. ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఆ భాగానికే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఆ రాత్రి కూడా గాలి రాలేదన్నమాట. ఆ ఉత్తరాలు నేను ఇప్పటికీ మళ్ళీ చదవలేదు.

అయితే బాబాయిని పూర్తిగా పొగడటానికి ఇప్పుడు నాకు నోరు రావటం లేదు. పన్నెండేళ్ళ వయసులో నాకు కనపడనిది ఇప్పుడు కనిపిస్తోంది. ఆయన నిజాయితీకి ఖరీదు ఆయన ఒక్కడే చెల్లించలేదు. పట్టీలు పిన్నివి. పరీక్ష ఆ అమ్మాయిది. బార్జీలో వెళ్ళే ఆరుగురు ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఇంట్లో ఇద్దరి సొమ్ము, వాళ్ళని అడగకుండా ఖర్చు చేశాడు. నీతికథల్లో మహాపురుషుల భార్యలు ఎందుకు అంత తక్కువ మాట్లాడతారో నాకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది. మాట్లాడనిస్తే కథ నడవదు కాబోలు.

అలాగని వదులుగా కట్టి పంపాల్సింది అంటానా? అనలేను. ఆ రాత్రి ఆకు కదలదని సాయంత్రం ఐదింటికి ఎవరికీ తెలియదు కదా. తెలియనప్పుడు చేసిన పనిని, తెలిసిన తర్వాత తూచటం న్యాయం కాదు. ఆయన ముందున్నది వదులైన మోకు. అంతవరకే ఆయనకి తెలుసు.

ఇంకొకటి కూడా వుంది. 1948లో మన దేశంలో రేవు కార్మికుల కోసం ఒక చట్టం వచ్చింది. దాని కింద పెద్ద రేవుల్లో కార్మికుల పేర్లు నమోదు చేసి, మేస్త్రీ దయ మీద కాకుండా వంతు ప్రకారం పని ఇచ్చే బోర్డులు పెట్టారు. విశాఖలో అలాంటి బోర్డు వుండేది. కాకినాడ ఆ పెద్ద రేవుల లెక్కలో లేదు. బాబాయి పేరు ఒక పుస్తకంలో రాసివుంటే, మోకు మళ్ళీ కట్టిన నేరానికి ఒక మేస్త్రీ నోటిమాటతో ఆయన్ని పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టటం అంత తేలిక అయ్యేది కాదు. మంచితనమంతా మనిషి గుండెలో వుంటుందని పుస్తకాలు చదివి అనుకున్నాను. సగం కూలి ఇచ్చే పద్ధతిలో వుంటుందని ఆ పెరడు నేర్పింది. గట్టిగా కట్టినవాడి పిల్ల ఫీజు మానుకోవాల్సి వచ్చే చోట, ఎంతమంది ఎన్నాళ్ళు గట్టిగా కడతారు? కట్టినవాళ్ళకి దణ్ణం పెట్టి ఊరుకుంటే మన బాధ్యత తీరిపోతుందా?

ఫ్రిజ్ వచ్చిన నెలకి కాకినాడలో ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. బాబాయి పోయి పదేళ్ళయింది. రేవు ఏం చెయ్యలేదు ఆయన్ని, మామూలు జ్వరంలా వచ్చి తీసుకుపోయింది. పిన్ని కూతురి దగ్గర వుంటోంది. కూతురు బట్టలు కుడుతుంది, ఇంటి ముందుగదిలోనే మిషను. నన్ను చూడగానే పిన్ని "పాపగారొచ్చారు" అని సంబరపడింది. నా జుట్టు సగం నెరిసినా ఆమెకి నేను పాపగారినే.

టీ తాగుతూ ఆ అక్టోబరు సంగతి కదిపాను. అన్నేళ్ళు గడిచాయి కదా, ఇప్పుడు వేరేగా చెబుతుందేమోనని.

"అప్పుడూ తప్పే అన్నాను, ఇప్పుడూ తప్పే అంటాను" అంది పిన్ని. "ఇంటికొచ్చి నాతో ఒక్క మాట సెప్పి సేసుంటే వేరు. ఆయన సేసేసి వొచ్చి సెప్పాడు."

మిషను తొక్కుతున్న అక్క తలెత్తలేదు.

"నాన్న చేసింది రైటేనే" అంది. దారం పళ్ళతో కొరికి, గుడ్డ తిప్పి వేసుకుని, మళ్ళీ అంది. "నా ఫీజు కట్టేసి ఆ పని చేసుంటే ఇంకా బాగుండేది."

నవ్వింది. నేనూ నవ్వాను. పిన్ని నవ్వలేదు. గుమ్మంలోంచి ఆకాశం వంక చూసి, లేచి పెరట్లోకి వెళ్ళింది. సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముతోంది. దండెం మీది బట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంటోంది.